అరుగం బే అలలు

పిల్లలూ, అల ఎక్కడ పుడుతుందని ఎవరినయినా అడిగితే, "సముద్రంలో, ఇంకెక్కడ?" అని నవ్వుతారు. నిజమే. కాని ఏ సముద్రంలో, ఎంత దూరాన? మీరు ఒడ్డున నిలబడి ఉండగా మీ పాదాల మీదికి వచ్చి విరిగిన అల, ఒక్కొక్కప్పుడు 6,000 కిలోమీటర్ల అవతల పుట్టి, ఆరు రోజులపాటు రాత్రింబవళ్ళు ప్రయాణం చేసి వచ్చినదై ఉండవచ్చు.

అటువంటి దూరపు అలల కోసం ఏటేటా ఎన్నో దేశాలవాళ్ళు మన పొరుగున ఉన్న శ్రీలంకకు వెళుతూ ఉంటారు. ఆ ద్వీపానికి తూర్పు తీరాన, పొత్తువిల్ అనే ఊరి పక్కన, అరుగం బే అనే చిన్న అఖాతం ఉన్నది. కొలంబో నుంచి రోడ్డు దారిన 300 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ అఖాతానికి దక్షిణపు చివర నేల ముక్కులాగా సముద్రంలోకి పొడుచుకు వచ్చి ఉంటుంది. ఆ ముక్కు చుట్టూ నీటి అడుగున రాయీ, పగడమూ కలిసిన బల్లపరుపు మిట్ట ఒకటి పరుచుకుని ఉన్నది. ఆ చోటును అక్కడివాళ్ళు "మెయిన్ పాయింట్" అంటారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఊరిని తుడిచిపెట్టినంత పని చేసింది. ఊరు మళ్ళీ లేచింది. అలలు మాత్రం ఎప్పటిలాగానే వస్తున్నాయి.

అక్కడ జనం ఆడే ఆట పేరు సర్ఫింగు. మనిషి పొడుగున, అంతకన్న కాస్త ఎక్కువో తక్కువో ఉండే తేలికపాటి పలక మీద బోర్లా పడుకుని, చేతులతో నీటిని తోసుకుంటూ లోపలికి పోతారు. మంచి అల వచ్చినప్పుడు దాని ముందు వేగంగా తెడ్డు వేసినట్టు చేతులు వేసి, అల పలకను ఎత్తుకోగానే చివాలున లేచి నిలబడి, అల వాలు మీద జారుతూ పోతారు. ఇది హవాయి దీవులవాళ్ళ ప్రాచీన విద్య. ఆ దీవులవాడే అయిన డ్యూక్ కహనమోకు 1912 ఒలింపిక్ ఈతల్లో బంగారు పతకం గెలిచి, తరవాత ఆస్ట్రేలియాలో ఈ విద్యను ప్రదర్శించి పేరు తెచ్చాడు. 2020 టోక్యో ఒలింపిక్సు (అవి జరిగింది 2021లో లెండి) మొదలు ఇది ఒలింపిక్ ఆటల్లో ఒకటి అయింది.

ఈ విద్య నేర్చుకునేవాళ్ళలో మూడు రకాలవాళ్ళు ఉంటారు. మొదటివాడు కొత్తవాడు. వాడికి భయం ఉన్నది గనక ఇసుక మేట దగ్గర, నడుము లోతు నీళ్ళలో, విరిగిపోయిన నురుగు అలలతో ఆడుకుంటాడు. మూడోవాడు ఆరితేరినవాడు. వాడికి అల ఎట్లా మసులుతుందో తెలుసు. నడిమివాడు ఉన్నాడే, వాడితోనే వస్తుంది చిక్కు. లేచి నిలబడటం వచ్చు, విరగని అల మీద పక్కకు జారటం వచ్చు, కొంచెం మలుపు తిప్పటం కూడా వచ్చు. పల్లెటూళ్ళలో చూడండి, దిగుడుబావి గట్టు మీదనుంచి అందరికన్న ముందు దూకేవాడు కొత్తగా ఈత వచ్చినవాడే.

అటువంటి కుర్రవాడు ఒకడు, పదిహేనేళ్ళవాడు, ఒక తెల్లవారుజామున పలక చంకన పెట్టుకుని మెయిన్ పాయింట్ దగ్గర నిలబడి ఉన్నాడని అనుకుందాం. నీళ్ళలోకి దిగాలా, వద్దా? వాడు తేల్చుకోవలసింది ఇదే. నీటి మీద కనపడే అల ఒక్కటే చూసి దీన్ని తేల్చటానికి వీలులేదు. అందుకని మనం కొంచెం వెనక్కి, అల పుట్టిన చోటుకు పోదాం.

భూమధ్యరేఖకు దక్షిణంగా 40 డిగ్రీలు దాటి పోతే, గాలికి అడ్డం పడే భూఖండాలు దాదాపు లేవు. పెద్ద పెద్ద తుఫానులు ఒకదాని వెనక ఒకటి పడమటి నుంచి తూర్పుకు భూమి చుట్టూ తిరుగుతూ ఉంటాయి. మనకు వేసవి ముదిరి వానాకాలం వచ్చే వేళకు అక్కడ చలికాలం, తుఫానులకు మంచి అదను. ఆ గాలి నీటిని గంటల తరబడి, రోజుల తరబడి నెట్టగా లేచిన అలలు తుఫానును విడిచి ఉత్తరానికి బయలుదేరుతాయి. దారిలో చిన్నచిన్న అలలు నశించి, పొడుగాటివి మాత్రం సాగి వస్తాయి. అల పొడుగంటే ఎత్తు కాదు సుమా. ఒక అల శిఖరానికీ దాని వెనకదాని శిఖరానికీ మధ్య ఉండే దూరం.

ఒక శిఖరం పోయిన తరవాత రెండోది రావటానికి పట్టే కాలాన్ని మనం "వ్యవధి" అందాం. అల రహస్యమంతా ఈ వ్యవధిలో ఉన్నది. వ్యవధిని సెకన్లలో లెక్కపెట్టి, దాన్ని దానితోనే గుణించి, వచ్చిన దాన్ని 1.56తో గుణిస్తే లోతు సముద్రంలో అల పొడుగు మీటర్లలో వస్తుంది. 6 సెకన్ల అల పొడుగు 56 మీటర్లు. 16 సెకన్ల అల పొడుగు సుమారు 400 మీటర్లు! వేగం తెలుసుకోవటం ఇంకా తేలిక. వ్యవధిని 2.8తో గుణిస్తే, అలల గుంపు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుందో తెలుస్తుంది. 16 సెకన్ల అలల గుంపు గంటకు 45 కిలోమీటర్లు పోతుంది. ఇందులో ఒక తమాషా ఉన్నది. గుంపులోని ఒక్కొక్క అల దీనికి రెట్టింపు వేగంతో పరిగెత్తుతుంది. కాని అది గుంపు ముందుకు రాగానే అణగిపోతుంది, గుంపు వెనక కొత్తది పుడుతుంది. అందుచేత గుంపు మాత్రం సగం వేగంతోనే కదులుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 50 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర పుట్టిన తుఫాను, 7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్న అరుగం బేకు సుమారు 6,300 కిలోమీటర్ల దూరం. 45తో భాగిస్తే 140 గంటలు. అంటే ఆరు రోజులకు కొంచెం తక్కువ. ఇది ఊహ కాదు. వాల్టర్ మంక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1963లో న్యూజీలాండు మొదలు అలాస్కా దాకా పసిఫిక్ మహాసముద్రంలో వరసగా కొన్ని చోట్ల పరికరాలు పెట్టించి, దక్షిణాన పుట్టిన తుఫాను అలలు ఏ చోటికి ఎప్పుడు చేరుకున్నదీ కనిపెట్టాడు. తాను కుటుంబంతో సహా సమోవా దీవిలో మకాం పెట్టాడు. తుఫాను అలలు మహాసముద్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటి పోతాయనీ, దారిలో పెద్దగా బలం కోల్పోవనీ తేలింది.

సరే, మన అల శ్రీలంక ఆగ్నేయపు మూలకు వచ్చింది. అక్కడ తీరం పక్కన లోతు తక్కువగా ఉండే మేర చాలా సన్నం గనక, అల దాదాపు ఒడ్డు దగ్గరికి వచ్చేదాకా నిండు బలంతోనే ఉంటుంది. అల తన పొడుగులో సగం లోతుకు రాగానే దాని కాలికి నేల తగలటం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి నడక మందగిస్తుంది. దక్షిణం నుంచి వచ్చిన అలకు నేల ముక్కు దగ్గర ఉన్న కొస ముందుగా మిట్ట మీదికి వచ్చి ఆలస్యమవుతుంది. బయట లోతు నీళ్ళలో ఉన్న కొస వేగంగానే పోతూ ఉంటుంది. మీ డ్రిల్లు క్లాసులో పదిమంది వరసగా నిలబడి మలుపు తిరగటం గుర్తు తెచ్చుకోండి. లోపలివాడు నిలిచిన చోటనే అడుగులు వేస్తాడు, బయటివాడు పెద్ద పెద్ద అంగలు వేస్తాడు, వరస మొత్తం తిరుగుతుంది. అల కూడా అట్లాగే నేల ముక్కును చుట్టి అఖాతంలోకి తిరుగుతుంది. తిరుగుతూ, ముక్కు దగ్గర మొదలుపెట్టి, చాప చుట్టినట్టుగా ఒక కొస నుంచి రెండో కొసకు విరుగుతూ పోతుంది. ఒడ్డు వైపు ముఖం పెట్టి ఉన్నవాడికి అది కుడిచేతి వైపుకు విరుగుతుంది. అల ఒక్కసారిగా కూలిపోకుండా ఇట్లా వరసగా విరగటం వల్లనే దాని మీద అంత దూరం జారటం సాధ్యమవుతున్నది.

ఇసుక తీరాన మేటలు నెలకొక చోటికి మారతాయి. రాతి మిట్ట మారదు. నిన్న అల ఎక్కడ లేచిందో ఇవాళా ఇంచుమించు అక్కడనే లేస్తుంది. నడిమివాడికి ఇంతకన్న మంచి బడి దొరకదు. ఒకే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. కాని ఈ బడిలో తప్పు చేస్తే కింద ఉన్నది ఇసుక కాదు, రాయి.

అల తన ఎత్తు కన్న సుమారు మూడో వంతు ఎక్కువ లోతు ఉన్న చోట విరుగుతుంది. అంటే మీటరున్నర అల విరిగేది రెండు మీటర్ల లోతు కూడా లేని చోట. అల ముందు వైపున ఉన్న నీటిని కూడా తనలోకి లాక్కుంటుంది గనక, పడ్డవాడి కింద ఉండే నీళ్ళు ఇంకా తక్కువ. తీరానికి దగ్గరయ్యేకొద్దీ మిట్ట పైకి వస్తుంది. శ్రీలంకలో పోటుకూ పాటుకూ మధ్య నీటి మట్టంలో తేడా మీటరు కన్న తక్కువే. చాలా తీరాల్లో అంత తేడా ఎవరూ లెక్కచెయ్యరు. రాతి మిట్ట మీద మోకాటి లోతు ఉండవలసిన చోట చీలమండ లోతే ఉంటే మాత్రం అది పెద్ద తేడాయే. అందుకని నడిమివాడు పోటు సగం పైన ఎక్కిన వేళ చూసుకోవటం మంచిది.

ఇక గాలి. అరుగం బేలో ఈ ఆటకు మే నెల నుంచి అక్టోబరు దాకా అదను. అది నైరుతి ఋతుపవనాల కాలం. ఆ గాలి ద్వీపానికి పడమటి వైపున సముద్రం నుంచి నేల మీదికి కొట్టి అక్కడి అలలను చిందరవందర చేస్తుంది. తూర్పు తీరానికి వచ్చేసరికి అదే గాలి నేల మీదనుంచి సముద్రంలోకి వీస్తుంది. ఎదురుగాలి తగిలిన అల ముఖం నునుపుగా నిలబడి, కొంచెం ఆలస్యంగా విరుగుతుంది. తెల్లవారుజామున గాలి పలచగా ఉంటుంది. ఎండ ఎక్కిన తరవాత సముద్రపు గాలి లేచి నీటిని గరుకు చేస్తుంది. వేకువనే లేచేవాళ్ళకు దక్కే ఆట ఇది. ఈ ఒక్క కారణం చేతనయినా నాకు ఇది నచ్చింది.

ఇప్పుడు మన కుర్రవాడి దగ్గరికి వద్దాం. వాడికి రెండు ఉదయాలు ఎదురయినవనుకోండి. రెండు రోజులూ సముద్రపు సూచనలో అల ఎత్తు "1 మీటరు" అనే ఉన్నది. ఒకనాడు వ్యవధి 8 సెకన్లు, ఇంకొకనాడు 16. తేడా ఏమున్నది, రెండూ మీటరే గదా అని వాడు అనుకుంటే పొరపాటు. 16 సెకన్ల అల లోతులో ఉన్నప్పుడు మోసుకువచ్చే బలం 8 సెకన్ల దానికి రెట్టింపు. పైగా పొడుగాటి అల మిట్ట ఎక్కేటప్పుడు ఎక్కువ పైకి లేస్తుంది. ఏటవాలుగా ఉన్న మామూలు తీరంలో మొదటిది విరిగేవేళకు మీటరు 40 సెంటీమీటర్లు అయితే, రెండోది మీటరు 85 సెంటీమీటర్ల దాకా పోతుంది. ఒకటి పదిహేనేళ్ళవాడి గడ్డం దాకా వస్తుంది, ఇంకొకటి వాడి తల దాటి పోతుంది. నేల ముక్కు దగ్గర ఇంకొక సంగతి కూడా ఉన్నది. పొడుగాటి అలకు నేల ముందుగా తగులుతుంది గనక అది బాగా వంగి అఖాతంలోకి తిరుగుతుంది. పొట్టి అల అంతగా వంగదు. దానిలో చాలా భాగం బయటినుంచి బయటికే పోతుంది. 16 సెకన్ల అల వచ్చిన రోజు మెయిన్ పాయింట్ ఆరితేరినవాళ్ళది.

ఒడ్డున కూర్చున్నవాడు దీన్ని ఎట్లా కనిపెట్టాలి? చేతికి గడియారం ఉంటే చాలు. దూరంగా ఒక గుర్తు, తేలే చెక్కో, లంగరు వేసిన పడవో చూసుకోవాలి. మొదటి శిఖరం దాన్ని ఎత్తినప్పుడు సున్న అని మొదలుపెట్టి, పదో శిఖరం దాకా లెక్కపెట్టి, పట్టిన సెకన్లను పదితో భాగించాలి. అదే వ్యవధి. ఇంకొక జాగ్రత్త. దూరపు అలలు గుంపులు గుంపులుగా వస్తాయి. కొన్ని పెద్దవి వచ్చిన తరవాత సముద్రం అయిదారు నిమిషాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువసేపు, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఆ విరామంలో వచ్చి చూసినవాడు "ఇవాళ అలలు చిన్నవే" అని దిగిపోతాడు. కనుక అరగంటసేపయినా ఒడ్డున కూర్చుని చూడనిదే దిగకూడదు. ఉత్తరాంధ్రలో తెప్పల మీద వేటకు పోయే మన మత్స్యకారులు కూడా ఒడ్డున తెప్ప పట్టుకుని ఇట్లాగే చూస్తూ నిలబడతారు. పెద్ద అలలు పోయి విరామం వచ్చాక ఒక్క ఊపున తెప్పను నెడతారు. వాళ్ళకు ఇది తాతల నాటి విద్య.

కూర్చున్న అరగంటలో వాడు చూడవలసినవి ఇంకా ఉన్నవి. లోపలికి పోయేవాళ్ళు ఏ దారిన పోతున్నారు? విరిగే అలల పక్కన లోతైన నీటి దారి ఉంటుంది. అదే దారి. అల మీద జారేవాళ్ళు ఎక్కడ దిగిపోతున్నారు? మిట్ట పైకి లేచే చోటుకు రాకముందే దిగుతున్నారా? నీళ్ళలో ఎందరున్నారు? జూలై, ఆగస్టు నెలల్లో మెయిన్ పాయింట్ దగ్గర తిరనాళ్ళలాగా ఉంటుంది. అల విరుగుతున్న చోటుకు ఎవడు దగ్గరగా ఉన్నాడో ఆ అల వాడిదని ప్రపంచమంతటా ఒక మర్యాద ఉన్నది. వాడి ముందుకు అడ్డంగా వచ్చి ఎక్కటం మర్యాద తప్పటమే కాదు, ప్రమాదం కూడాను. పలక కొన తగిలితే తల పగులుతుంది.

పడటమూ నేర్చుకోవలసిన విద్యే. రాతి మిట్ట మీద తలకిందులుగా దూకకూడదు. వెల్లకిలా, కాళ్ళూ చేతులూ చాచి బల్లపరుపుగా పడాలి. పడ్డాక తలను చేతులతో కప్పుకోవాలి. కాళ్ళు కిందికి దించి నిలబడటానికి ప్రయత్నించకూడదు. పగుళ్ళలో పాదం ఇరుక్కుంటుంది, ఒళ్ళంతా ముళ్ళున్న నల్లని సముద్రపు ప్రాణులు కూడా ఆ పగుళ్ళలోనే కాపురం ఉంటాయి. పలకను కాలికి కట్టే తాడు ఉన్నది గదా అని పలకను వదిలెయ్యకూడదు. అది వెనకవాడి మీదికి పోతుంది. పగడం గీరుకుంటే ఎంత చిన్న గాయమయినా మంచినీళ్ళతో, సబ్బుతో కడిగి, లోపల పగడపు నలుసు మిగలకుండా చూసుకుని, డాక్టరుకు చూపించాలి. పగడపు గాయం తొందరగా చీము పడుతుంది.

ఇంతా చూసి, 16 సెకన్లని లెక్క తేలితే మన కుర్రవాడు చెయ్యవలసినది ఏమిటి? అఖాతం లోపల బేబీ పాయింట్ అని ఒకటి ఉన్నది, పేరులోనే తెలుస్తున్నది గదా. ఉత్తరంగా పోతే విస్కీ పాయింట్ ఉన్నది, అక్కడ అల మెత్తన. లేదా రెండు రోజులు ఆగవచ్చు. పొడుగాటి అలలు వేగంగా నడుస్తాయి గనక తుఫాను పంపిన వాటిలో అవే ముందు వస్తాయి, పొట్టివి వెనక వస్తాయి. 6,300 కిలోమీటర్లు నడవటానికి 16 సెకన్ల వాటికి 140 గంటలు పడితే, 12 సెకన్ల వాటికి 187 గంటలు పడుతుంది. తేడా 47 గంటలు. ఇవాళ తెల్లవారుజామున 16 లెక్కకు వస్తే, ఎల్లుండి తెల్లవారుజామున 12 లెక్కకు వస్తుంది. ఈలోగా ఇంకొక తుఫాను అలలు వచ్చిపడకపోతే, ఆ ఎల్లుండి ఉదయమే మన వాడిది.

ఈ లెక్కలు కట్టి చెప్పేవాళ్ళు మన హైదరాబాదులోనే ఉన్నారు. సముద్రం కంటికి కనపడని ఊళ్ళో సముద్రాన్ని కనిపెట్టే సంస్థ! దానిని ఇన్‌కాయిస్ అంటారు. 1999లో వెలిసింది. మన తీరానికి వచ్చే అలల ఎత్తు, వ్యవధి, దిక్కు ముందుగా చెప్పటం దాని పనుల్లో ఒకటి. గాలీ వానా లేని రోజున కేరళ తీరం మీద హఠాత్తుగా పడే పెద్ద అలలను అక్కడివాళ్ళు "కళ్ళక్కడల్" అంటారు. దొంగ సముద్రమని అర్థం. అవి కూడా దక్షిణపు తుఫానుల బిడ్డలే. వాటిని గురించి హెచ్చరించేదీ ఈ సంస్థే.

ఆ దక్షిణపు అలలు కొన్ని శ్రీలంకను దాటి మన దాకా కూడా వస్తాయి. ఈసారి విశాఖపట్నానికో, భీమిలికో, సూర్యలంకకో పెద్దవాళ్ళతో పోయినప్పుడు, నీళ్ళకు దూరంగా పొడి ఇసుక మీద కూర్చుని పది శిఖరాలు లెక్కపెట్టండి. గాలి లేని తెల్లవారుజామున అయితే మేలు. స్థానికంగా గాలి లేపిన పొట్టి అలలు అడ్డం రావు. 5 సెకన్లో, 6 సెకన్లో వస్తే అది దగ్గర గాలి పని. 14 వచ్చిందనుకోండి, 2.8తో గుణించండి. గంటకు 39 కిలోమీటర్లు. అది ఏ వారం బయలుదేరి ఉంటుందో ఇంటికి పోయి అట్లాసు తీసి లెక్కకట్టండి.